తెల్వదని చెప్పిన కంప్యూటరు

మా ల్యాబులోకి కంప్యూటరు వచ్చిన రోజున అందరికన్నా ముందు మొహం మాడ్చుకున్నదాన్ని నేనే. అడవి చెట్ల మీద పెరిగే దసలి పట్టు పురుగులకు వచ్చే జబ్బుల మీద పనిచేసే చిన్న ప్రాజెక్టు మాది. మంచిర్యాలలో ఒక అద్దె ఇల్లు. కింద ల్యాబు, మీద ప్రాజెక్టు నడిపే సారు ఆఫీసు. తొంభైల మొదట్లో సంగతి. గాలీ వెలుతురూ ఉన్న ఒకే ఒక్క గదిని ఖాళీ చేయించి, కిటికీకి పరదా కట్టించి, ఆ పెట్టెను అందులో కూర్చోబెట్టారు. నేను నా రోళ్లు, సీసాలు, ఐసు డబ్బాలు సర్దుకుని వెనకనున్న ఉక్క గదిలోకి పోవాల్సి వచ్చింది. కొత్త అల్లుడికి చేసినట్టు ఆ పెట్టెకు మర్యాదలు చేస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

పెట్టెతోపాటు దాన్ని నడిపే మనిషి కూడా వచ్చింది. హుజూరాబాద్ పక్కన భూములున్న ఇంటి ఆడబిడ్డ. అన్నలు ఎరువుల దుకాణం నడుపుతారు. కరీంనగర్‌లో బట్టల దుకాణం మీద ఉన్న కోచింగ్ సెంటర్లో కంప్యూటరు నేర్చుకుని, ముందు తన అన్నల దుకాణంలో ఏ బస్తా ఏ మూలనుందో చెప్పే ప్రోగ్రాం రాసిందట. సారు ఆమెను తీసుకున్నది మా పరీక్షల ఫలితాలు టైపు చేయడానికి. నేనేమో నస్పూర్ కాలనీలో పెరిగినదాన్ని, బొగ్గు బాయిలో పనిచేసే మనిషి బిడ్డను. బీయెస్సీ అయ్యాక ఈ ల్యాబులో చేరి, పురుగును కోసి నూరే పని నేర్చుకున్నాను. నాకన్నా నాలుగైదేళ్లు పెద్దది కాబట్టి ఆమెను అక్కా అని పిలిచాను కానీ, మొదటి నెలంతా ఆ పిలుపులో ప్రేమేమీ లేదు.

దానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆమె టైపు చేయడం మొదలుపెట్టనే లేదు. పొద్దున రాగానే చెప్పులు విప్పి, వెనక గదిలోకి వచ్చి, నా భుజం దగ్గర నిలబడేది.

"గిది ఎందుకు చేస్తున్నవ్?" అని అడిగేది. చెప్పేదాన్ని.

"గదే ముందుగాల ఎందుకు? తర్వాత చేస్తే ఏమైతది?"

"పాడైతది."

"పాడైందని నీకెట్ల తెలుస్తది?"

ఒకరోజు విసుగొచ్చి, "అక్కా, నీ మిషను కాడ కూసోరాదు. నా పానం ఎందుకు తీస్తవ్?" అన్నాను. ఆమెకు కోపం రాలేదు. "మిషనుకు ఏం తెల్వది చెల్లె. నువ్వు నాకు చెప్తెనే గద, నేను దానికి చెప్పేది" అంది. మర్నాడు పొద్దున మళ్లీ నా వెనకే నిలబడింది.

మేం చేసే పనేమిటో మా అవ్వకు చెప్పినట్టే ఇక్కడ చెబుతాను. ఆర్ఎన్ఏ అంటే ఒంట్లో ఏ పని ఎప్పుడు జరగాలో చెప్పే చీటీ. పురుగు ఒంట్లో దాని చీటీలు దానికి ఉంటాయి. జబ్బు లోపలికి దూరితే జబ్బు చీటీలు కూడా వాటిలో కలిసిపోతాయి. పురుగును నూరి, ఆ చీటీలన్నిటినీ బయటికి తీసి, అందులో జబ్బువి ఉన్నాయా లేవా అని చూడటం మా పని.

"చూసి?" అంది మా అవ్వ.

"ఉంటె ఉందని చెప్తం. లేకుంటె లేదని చెప్తం."

"గింతదానికి డిగ్రీ సదివినవా?" అని పొయ్యి దగ్గరికి పోయింది.

చెప్పినంత సులువు కాదని ఆమెకు తెలియజెప్పడం నా వల్ల కాలేదు. ఆర్ఎన్ఏ అంత సుకుమారం ఇంకేదీ ఉండదు. మన చేతి చెమటలోనే దాన్ని తినేసే పదార్థం ఉంటుంది. దాన్ని కాచినా చావదు. ఒక్క వేలు తగిలితే చాలు, గొట్టంలో ఉన్నదంతా ముక్కలు ముక్కలైపోతుంది. పైకి చూస్తే ఏమీ తెలియదు, నీళ్లు నీళ్లలాగే ఉంటాయి. అందుకని గ్లౌజులు తొడుక్కుని, ఐసు మీద పెట్టి, వాడే నీళ్లలో కూడా మందు కలిపి, ఒక రోజంతా నిలవుంచి, పెద్ద కుక్కరులో ఉడికించి వాడతాం. మా ఎండాకాలంలో ఈ పని ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఐసు ఫ్యాక్టరీ నుంచి రిక్షాలో దిమ్మ వచ్చేసరికే సగం రోడ్డు మీద కారిపోయేది.

అది చాలదన్నట్టు పద్ధతులు మూడు. రెక్కలొచ్చిన తల్లి పురుగుకు ఒకటి, గొంగళి పురుగు పేగుకు ఒకటి, గుడ్డుకు ఒకటి. ఒకదాంట్లో ముందు వేడి చేసి తర్వాత చల్లార్చాలి. ఇంకోదాంట్లో వేడి తగలనే కూడదు. ఒకదాన్ని స్పిరిటుతో ఒకసారి కడగాలి, ఇంకోదాన్ని రెండుసార్లు. మూడూ ఒకే బల్ల మీద, ఒకే రోజు, పక్కపక్కనే నడుస్తుండేవి. మధ్యలో కరెంటు పోయేది. వచ్చాక చూస్తే ఏ గొట్టం ఎంతవరకు వచ్చి ఆగిందో, దేనికి స్పిరిటు పడిందో, దేనికి పడలేదో ఎవరికీ ఖాయంగా తెలిసేది కాదు. అందరం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం.

మేం ఇలా తడుముకుంటుంటే అవతల అడవిలో పురుగులు చచ్చిపోతున్నాయి. చెన్నూరు దిక్కున అడవి అంచున ఉన్న ఒక ఊరివాళ్లు మా దగ్గరికి గుడ్ల పరీక్ష కోసం వచ్చేవారు. వాళ్లు నల్లమద్ది చెట్ల మీద దసలి పురుగును పెంచుతారు. పురుగు ఆకంతా తిని, బొటనవేలంత లావై, ఇంక పట్టుకాయ కడుతుందనగా ఒళ్లు నల్లబడి, కొమ్మకు తలకిందులుగా వేలాడి చచ్చిపోయేది. తల్లికి జబ్బుంటే గుడ్డుకు వస్తుంది, గుడ్డు నుంచి పురుగుకు వస్తుంది. అందుకే గుడ్డు పెట్టిన తల్లి పురుగును మేం పరీక్ష చేసి, జబ్బు లేదంటేనే ఆ గుడ్లను చెట్టెక్కించాలి.

ఆ ఊరికి పెద్దమనిషి ఒక తాత. తెల్ల తలపాగా, చేతిలో గొంగడి. ఆ ఏడు రెండు పంటలు వరసగా పోయాక ఒకరోజు వచ్చి, చచ్చిన పురుగులు వేలాడుతున్న కొమ్మను తెచ్చి సారు బల్ల మీద పెట్టాడు. కోపంగా మాట్లాడలేదు.

"దసరా ఎల్లినంక ఏసేదే మాకు పెద్ద పంట సారు. గది గూడ గిట్లనే అయితె మా ఊరు ఊరంత కూలికి పోవుడే. ఈసారి జర సూసి చెప్పుండ్రి" అన్నాడు.

సారు తల వంచుకున్నాడు. అక్క ఆ కొమ్మను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. అంతవరకు పురుగును ముట్టాలంటే ఒళ్లు జలదరించే మనిషి, ఆ నల్లబడ్డ పురుగును వేలితో మెల్లగా ఎత్తి చూసింది. ఆ రోజు నుంచి ఆమె మీద నా కోపం తగ్గడం మొదలైంది.

ఇంకో నెలకు ఆమె ప్రోగ్రాం నడిచింది. ఎంత పెంకి ప్రోగ్రామో చెప్పలేను. ఇంగ్లీషు అక్షరాలతో మా తెలుగులోనే మాట్లాడేది. ప్రతి నమూనాకు ఒక నంబరు ఇచ్చి, అది పురుగా పేగా గుడ్డా అని అడిగి, దానికి తగ్గ పద్ధతిని తెర మీద పరిచేది. ఒక్కో మెట్టు అయ్యాక వెళ్లి చెప్పాలి. ఏ సీస మందు వాడినవ్ అని అడిగేది. ఏ సీస నీళ్లు అని అడిగేది. ఐసుల పెట్టినవా అని అడిగేది. ఒక మెట్టు దాటేసి తర్వాతది చెప్పబోతే ఒప్పుకునేది కాదు. "గా మెట్టు కాలే. గది చేసి రా" అని తెర మీద పడేది. మొదట్లో నేను దాని మీద గయ్యిమని లేచేదాన్ని. "నన్ను ల్యాబులకెల్లి ఎల్లగొడుతున్నది నీ మిషను" అంటే అక్క కడుపు పట్టుకుని నవ్వేది.

కానీ కరెంటు పోయి వచ్చిన రోజున దాని విలువ తెలిసింది. పెట్టె మళ్లీ లేవగానే పక్కనున్న ప్రింటరులోంచి కిరకిరమని కాగితం బయటికి వచ్చింది. ఏ గొట్టం ఏ మెట్టు మీద ఉందో, వాటిలో ఏది ముందు చెడిపోతుందో, దేన్ని ముందు ఐసులోకి తీయాలో వరసగా ఉంది. పుస్తకంలో ఉన్న వరస కాదది. నా వెనక నిలబడి నన్ను విసిగించి, నా నోటి నుంచి రాబట్టుకున్న వరస. నా చేతికి మాత్రమే తెలిసిన సంగతులను ఆమె ఒక్కొక్కటే ఏరుకుని, అందరికీ పనికొచ్చేలా అమర్చి పెట్టింది. నా పనిని అంత శ్రద్ధగా చూసిన మనిషి అంతవరకు ఎవరూ లేరు.

ఇంకో రెండు పెంకి నియమాలు పెట్టింది. తల్లి పురుగును సగానికి కోసి, సగం ఫ్రీజర్లో దాచానని చెబితే కానీ రెండో సగాన్ని నూరనిచ్చేది కాదు. రెండోది ఫలితం గురించి. ఆర్ఎన్ఏను జెల్లు అనే మెత్తటి పలకలో కరెంటు పెట్టి పరిగెత్తించి, ఆ పలకను ఊదారంగు దీపం మీద పెడితే అది గీతలుగా కనబడుతుంది. జబ్బు గీత ఉందా అని అడిగే ముందు, పురుగు సొంత గీతలు కనబడుతున్నయా అని అడిగేది. కనబడట్లేదంటే ఇంక జబ్బు గురించి అడగనే అడగదు. ఫలితం దగ్గర "తెల్వదు" అని వేసేది.

సారుకు అది మింగుడుపడలేదు. "మన రిపోర్టుల రెండు గడులే ఉన్నయమ్మా. ఉన్నది, లేదు. గీ తెల్వదు ఎక్కడ రాయాలె?" అన్నాడు.

"మూడో గడి గీస్త సార్" అంది అక్క.

"తెల్వదని చెప్పనీకి ల్యాబు ఎందుకు అంటరు పై ఆఫీసర్లు."

"తెల్వకున్నా తెలుసని చెప్పనీకి గూడ వద్దు గద సార్."

సారు మంచివాడే. గట్టిగా అడ్డుచెప్పలేక, పైకి పోయి చాయ్ తెప్పించుకున్నాడు. మూడో గడి ఉండిపోయింది.

అంతలో దసరా వచ్చింది. బొగ్గు బాయి ప్రాంతంలో దసరా అంటే పనిముట్ల పండుగ. వర్కుషాపుల్లో రెంచీ నుంచి క్రేను దాకా బొట్టు పెట్టనిదంటూ ఉండదు. మేం మాత్రం ఎందుకు తక్కువ కావాలి? ముందురోజే ల్యాబంతా కడిగాం. పొద్దున బంతిపూల దండలు తెచ్చి కంప్యూటరుకు, కుక్కరుకు, ఫ్రీజరుకు, ఆఖరికి నీళ్ల సీసాకు కూడా వేశాం. పసుపు తడిపి బొట్లు పెట్టాం. అక్క కీబోర్డు మీద బొట్టు ఎక్కడ పెట్టాలా అని తడబడి, చివరికి పొడుగాటి మీట మీద పెట్టింది. సారు పట్టుపంచె కట్టుకుని వచ్చి కొబ్బరికాయ కొట్టాడు. తర్వాత నీళ్లు చల్లాలి.

"శుద్ధమైన నీళ్లు తెండ్రమ్మా" అన్నాడు సారు.

మేం ఆలోచించనే లేదు. మందు కలిపి, ఉడికించి, మూత బిగించిన ఆ సీసా నీళ్లకన్నా శుద్ధమైనవి మంచిర్యాల మొత్తంలో ఎక్కడున్నాయి? సారే నవ్వుతూ, "మన కాడ గంగ గిదే" అని సీసా అందుకున్నాడు. మామిడాకు ముంచి, అన్నిటి మీద చల్లాడు. మా తలల మీద కూడా చల్లాడు. అందరం కళ్లకద్దుకున్నాం. ఆ తర్వాత ఎవరో పద్ధతిగా మూత బిగించి, ఎక్కడి సీసాను అక్కడే పెట్టేశారు.

మర్నాడు ఊరివాళ్లు వచ్చారు. ఇంటికొక వెదురు గంప, అందులో ఆకు దొప్పల్లో గుడ్లు. పక్కన గుడ్డ సంచుల్లో తల్లి పురుగులు. తాత వచ్చాడు, చంకన బిడ్డతో ఒక చిన్న వయసు తల్లి వచ్చింది, ఇంకా పది పన్నెండు ఇళ్లవాళ్లు వచ్చారు. గుడ్లు పెట్టి అప్పటికే కొన్నాళ్లయింది. ఇంకొన్నాళ్లలో పగిలి పురుగులు బయటికి వస్తాయి. ఈలోపు తేలిపోవాలి. వాళ్లు వరండాలోనే ఉండిపోయారు. అక్కడే వండుకుని, అక్కడే పడుకున్నారు.

పని చకచకా చేశాం. రెక్కల పురుగులను ఒక పద్ధతిలో, కొన్ని ఇళ్ల గుడ్లను ఇంకో పద్ధతిలో, అదే ఊళ్లో మిగిలిన పాత పంట పురుగుల పేగులను మూడో పద్ధతిలో. జెల్లు దీపం మీద పెట్టి చూస్తే జబ్బు గీత ఒక్కటి కూడా లేదు. ఒక్క ఇంటిది కూడా లేదు. సారు మొహం వెలిగిపోయింది. నేనైతే ఎగిరి గంతేసినంత పని చేశాను. సారు వరండాలోకి పోయి, "రోగం లేదు. గంపలు కట్టుకోండ్రి" అనేశాడు. తాత తలపాగా తీసి, కళ్లు తుడుచుకుని, మళ్లీ చుట్టుకున్నాడు. ఆడవాళ్లు గంపలకు గుడ్డలు కట్టడం మొదలుపెట్టారు.

అక్క మాత్రం కంప్యూటరు ముందు నుంచి లేవలేదు. నేను పక్కనే కూర్చుని జెల్లు చూసి చెబుతుంటే ఆమె మీటలు నొక్కుతోంది. సొంత గీతలు కనబడుతున్నయా అని అది అడిగింది. సంతోషంలో నేను అది చూడనే లేదు. అప్పుడు చూశాను. సొంత గీతలు లేవు. కింద పొగలాగా ఏదో అలుక్కుపోయి ఉంది, అంతే. రెండోది, మూడోది, అన్నీ అలాగే ఉన్నాయి. తెర మీద వరసగా తెల్వదు, తెల్వదు, తెల్వదు అని పడుతూ పోయింది.

అక్క లేచి వరండాలోకి పరిగెత్తింది. "ఆగుండ్రి. గంపలు కట్టకుండ్రి" అంది.

సారు ఆమెను లోపలికి తీసుకొచ్చాడు. "ఏందమ్మా గిది? ఇప్పుడే లేదని చెప్పిన. గుడ్లు పగిలేటట్టున్నయి. ఇంకా ఆపితె గంపలనే పురుగు లేస్తది, ఆకు లేక చస్తది. గప్పుడు ఎవ్వలు చంపినట్టు?"

"పురుగు సొంతదే కనబడ్తలేదు సార్. జబ్బుది లేదని ఎట్ల చెప్తం? ఇంట్ల దీపం ఆరిపోయినంక దొంగ కనబడ్తలేడంటె, దొంగ లేనట్టా?"

సారు దీపం ముందుకు పోయి జెల్లును తనే చూశాడు. చాలాసేపు చూశాడు. తిరిగి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

బయటికి పోయి చెప్పే పని అక్కే నెత్తినేసుకుంది. తాత ముందు కింద కూర్చుని, "తాతా, పరీక్ష పాడైంది. మీ గుడ్లు మంచియా కావా మాకు తెల్వది. రెండు దినాలు ఇయ్యి. మళ్ల చేస్తం" అంది.

వరండాలో గోల లేచింది. ఒకాయన గంప ఎత్తుకుని, "ఒకపారి లేదంటరు, ఒకపారి తెల్వదంటరు. పరేషాన్ చేస్తుండ్రు. నేను పోత" అన్నాడు. నాకు ఆయన మీద కోపం రాలేదు. ఆయన జాగాలో నేనున్నా అదే మాట అనేదాన్ని. తాత చాలాసేపు అక్క మొహంలోకి చూశాడు. చివరికి, "రెండు దినాలు ఉందాం. గుడ్లు సల్లటి జాగల పెట్టుండ్రి" అన్నాడు. ఆయన మాట మీద గంపలన్నీ కిందికి దిగాయి.

అప్పుడు అక్క చేసిన పని నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. పాడైనవాటన్నిటికీ ఏమేం వాడామో చెప్పమని ప్రోగ్రాంను అడిగింది. మూడు పద్ధతుల మందులు వేరు, గొట్టాలు వేరు, చేసిన చేతులు కూడా వేరు. తెర మీద ఒక్కొక్కటీ కొట్టేస్తూ పోతే, అన్నిటిలోనూ కలిసింది ఒకే ఒక్కటి మిగిలింది. నీళ్ల సీసా. మేమందరం ఆ సీసా వైపు తిరిగి చూశాం. మెడకు బంతిపూల దండ ఇంకా ఉంది, పసుపు బొట్టు కూడా చెదరలేదు.

"ఆకు ముంచింది నేనే" అన్నాడు సారు. ఆ గొంతు విని నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. అక్క కూడా నవ్వింది. ఆఖరికి సారు కూడా తల కొట్టుకుని నవ్వాడు. పసుపు చేతులతో, మామిడాకుతో, మేమందరం భక్తిగా కళ్లకద్దుకుని మరీ ఆ నీళ్లను పాడుచేశాం.

నవ్వు అయ్యాక పనిలో పడ్డాం. కొత్త నీళ్లు తయారుచేశాం. ఫ్రీజర్లో దాచిన సగం పురుగులు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. ఆ రెండు రోజులు సారు పైకి పోలేదు. పండగనాడు పట్టుపంచె కట్టిన మనిషి ఐసు దిమ్మలను గోనెసంచిలో కొట్టి, మా డబ్బాల్లో నింపుతూ ఉన్నాడు. నేను నూరాను. అక్క మెట్టు మెట్టుకీ అడిగింది, నేను మెట్టు మెట్టుకీ జవాబు చెప్పాను. ఈసారి ఒక్క ప్రశ్న కూడా నాకు ఎక్కువ అనిపించలేదు.

రెండో రోజు మధ్యాహ్నానికి జెల్లు దీపం మీదికి వచ్చింది. సొంత గీతలు పదునుగా, చక్కగా ఉన్నాయి. అక్క ఒక్కొక్కటే ఎక్కించింది. చంటిబిడ్డ తల్లి ఇంటిది మంచిది. గంప ఎత్తుకుని పోతానన్న ఆయనది మంచిది. తర్వాతివి కూడా మంచివే. ఒక్క నమూనా దగ్గర సొంత గీతల పైన ఇంకో గీత లావుగా, స్పష్టంగా ఉంది. నంబరు చూస్తే అది తాతది.

అక్క వెళ్లి చెప్పింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. తాత గంప మీది గుడ్డ తీశాడు. దొప్పల్లో కొన్ని గుడ్లు అప్పటికే పగిలి, వెంట్రుకంత పురుగులు తలలెత్తి ఆకు కోసం వెతుకుతున్నాయి.

"వీటికేనా?" అన్నాడు.

"వీటికే తాతా."

"కండ్లకు మంచిగనే కనబడుతున్నయి."

సారు, "మా మనిషితోని కాల్పిస్త, నువ్వు లోపలికి రా పెద్దయ్యా" అన్నాడు. తాత వద్దన్నాడు. "నేను తెచ్చిన, నేనే చేస్త" అని గంప తీసుకుని పెరట్లోకి పోయి, ఎండుటాకులు పోగుచేసి, తన చేతులతోనే నిప్పు పెట్టాడు. మంట ఆరేదాకా అక్కడే నిలబడ్డాడు. అక్క ఆయన పక్కనే నిలబడి ఏడ్చింది. నేను ఏడ్వలేదని చెబితే అబద్ధం.

ఖాళీ గంపతో తాత వరండాలోకి వచ్చేసరికి అందరూ లేచి నిలబడ్డారు. చంటిబిడ్డ తల్లి తన గంపలోంచి ఒక దొప్ప తీసి ఆయన గంపలో పెట్టబోయింది. తాత గంపను వెనక్కి లాక్కున్నాడు.

"వద్దు బిడ్డా. ఒకలింటి గుడ్డు ఇంకొకల చెట్టు ఎక్కది. మా తాతల కాలంకెల్లి గంతే" అన్నాడు.

ఆ ఊళ్లో అది మామూలు మాట కాదని నాకు తర్వాత తెలిసింది. ఎవరి గుడ్డులో ఏ రోగముందో ఎవరికి తెలుసు? అందుకని సొంత అన్నదమ్ములు కూడా గుడ్డు ఇచ్చిపుచ్చుకునేవారు కాదట. అడగడమే తప్పనుకునేవారట.

"గప్పుడు తెల్వకుండె తాతా" అంది ఆ పిల్లతల్లి. "నా గుడ్లకు రోగం లేదని ఇప్పుడు తెల్సె గద. ఇంక ఫికరేంది? పట్టు."

తాత అక్క వైపు చూశాడు. అక్క కళ్లు తుడుచుకుని, "లేదు తాతా. ఆమె గుడ్లకు లేదు. ఇది తెలిసే చెప్తున్న" అంది.

తాత గంప ముందుకు జరిపాడు. ఆ పిల్లతల్లి దొప్ప పెట్టింది. మొన్న కోపంతో గంప ఎత్తిన ఆయన వచ్చి ఇంకో దొప్ప పెట్టాడు. తర్వాత ఒక్కో ఇంటివాళ్లు వచ్చారు. గంప నిండింది. తాత దాని మీద తన తలపాగా గుడ్డ విప్పి కప్పాడు.

ఎవరు ఎన్ని దొప్పలు తీసుకుపోతున్నారో ఎక్కించడానికి అక్క లోపలికి వచ్చింది. నేను వెనకే వచ్చాను. తాత నంబరు కొట్టగానే, ఎవలింటి గుడ్లు అని ప్రోగ్రాం అడిగింది. అక్క కాసేపు ఆలోచించి, అందరివి అని కొట్టింది. గా ఇల్లు మన తాన లేదు, మళ్ల చెప్పు అంది అది. అక్క ఇంకోసారి అదే కొట్టింది. అది ఇంకోసారి అదే అంది. అక్క ఒకేసారి నవ్వుతూ ఏడుస్తూ నా వైపు చూసి, కుర్చీని బల్ల దగ్గరికి లాక్కుంది. బయట ఊరివాళ్లు గంపలు నెత్తికెత్తుకుని బస్సుకు పోతుంటే, అలాంటి ఇల్లు కూడా ఒకటుందని ఆమె దానికి నేర్పుతూ కూర్చుంది.